ఠాణా వరండాలో మచ్చల మొక్క

మన పలాస కాశీబుగ్గలో పోలీసులు ఒకసారి ఒక మొక్కని అరెస్టు చేసి లాకప్పులో పెట్టారు. హత్యాయత్నం కేసు. ఫిర్యాదు చేసింది ఎలీసబెతు. మొక్క తరఫున జామీను ఇవ్వడానికి ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు.

సరే, లాకప్పు అన్నది కొంచెం ఎక్కువే. వరండా అనుకుందాం. కేసు కూడా కట్టలేదు. హెడ్డు కానిస్టేబులు ఢిల్లీరావు కాగితం తీశాడు, కలం మూత తీశాడు, కాసేపు ఆలోచించి మళ్ళీ మూత పెట్టేశాడు. సంకెళ్ళ మాట అసలే లేదు, వేద్దామన్నా మొక్కకి చేతులేవి? కానీ మొక్క ఠాణాకి వెళ్ళిన మాట నిజం. తిరిగి ఇంటికి రాని మాట నిజం. ఎలీసబెతు కోపం ఈ రెంటికన్నా నిజం. అందులో పిసరంత తగ్గించి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎలీసబెతు పుట్టింది టెక్కలి పక్క పల్లెలో. తండ్రి బాప్టిస్టు మిషను కాంపౌండుకి కాపలాదారు. గేటు దగ్గర తండ్రి పక్కన నిలబడి పెరిగిన పిల్ల కనక మూడు ప్రశ్నలు ఉగ్గుపాలతోనే వచ్చేశాయి. ఎవరు? ఎందుకు? ఎవరినడిగి? పెళ్ళయి, రైల్వేలో గ్యాంగుమేన్ పని చేసే ప్రభుదాసు వెంట కాశీబుగ్గ వచ్చాక ఆ గేటు ఆమెతోపాటే వచ్చింది. ఎక్కడ నిలబడితే అక్కడ గేటు.

ఒకసారి ఇచ్ఛాపురం నుంచి వచ్చే బస్సులో ఆమె పనసపండుకి కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. "టిక్కెట్టు కొట్టినావు కదా, మరి దాని సీటేదీ?" అంది. కండక్టరు నవ్వాడు. అదే అతను చేసిన పొరపాటు. సోంపేటలో ఆమె దిగి, పనసపండుని ముందు చక్రం ఎదురుగా పెట్టి, దాని పక్కనే చతికిలబడింది. ఆ తరవాత కాశీబుగ్గ దాకా పనసపండు కండక్టరు సీట్లో కూర్చుందనీ, కండక్టరు నిలబడ్డాడనీ చెప్పుకుంటారు. కండక్టరు నిలబడ్డ మాట పక్కన పెట్టండి, కండక్టర్లు ఎలాగూ నిలబడే ఉంటారు. పనసపండు కూర్చున్న మాట మాత్రం నిజమే.

ఆమె పని జీడిపప్పు ఫ్యాక్టరీలో. మొదట పిక్కలు కొట్టేది. జీడి నూనె తగిలితే మామూలు మనిషి చర్మం బొబ్బలెక్కి ఊడి వస్తుంది. ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ ఆమె వేళ్ళు నల్లబడి, గట్టిపడి, తాటి మట్టల్లా అయిపోయాయి. పొయ్యిలో నిప్పుని చేత్తో తీసి పక్కన పెట్టగలదు. తరవాత పొట్టు తీసే షెడ్డులోకి మారినా ఆ వేళ్ళు మళ్ళీ మెత్తబడలేదు. ఆదివారం అవే వేళ్ళు ఊపుతూ సండేస్కూలు పిల్లలకి పది ఆజ్ఞలు నేర్పేది. దొంగతనం చెయ్యకూడదన్న ఎనిమిదో ఆజ్ఞ దగ్గర గొంతు మరీ పెరిగేది, ఎందుకంటే చర్చిలో పాటల పుస్తకాలు తరచూ మాయమయ్యేవి.

ఇక సంసోను. పట్టాల పక్కన కళ్ళు తెరవని పిల్లగా దొరికితే ప్రభుదాసు లంచి డబ్బాలో పెట్టుకుని తెచ్చిన కుక్క. ఎర్రటి ఊరకుక్క. ఎలీసబెతు దానికి తన ముద్ద పెట్టి పెంచింది, తన స్వభావం కూడా పెట్టింది. సంసోను మామూలుగా మొరిగేవాడు కాదు, నిలదీసేవాడు. ప్రతి రైలునీ నిలదీసేవాడు. మధ్యాహ్నం భువనేశ్వరు వైపు నుంచి వచ్చే బండినైతే, అది తన అనుమతి లేకుండా పలాసలోకి వచ్చినట్టు, అది పూర్తిగా ఆగేదాకా వదిలేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం బండి వేళకే ఎదురింటి జగన్నాథరావు కునుకు తీసేవాడు. రైల్వే పార్సిలాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి రెండే ఇష్టాలు. మధ్యాహ్నం నిద్ర, అరుగు మీద మొక్కలు. ఎక్కడెక్కడి నుంచో పార్సిళ్ళలో తెప్పించుకున్న మొక్కలకి జేగురు రంగేసిన కుండీలు. కుక్క అరుపుకి లేచి పంచె సర్దుకుంటూ అరుగు మీదకొచ్చేవాడు.

"ఎలీసబెతమ్మా! మీ కుక్క నోరు మీరు మూయించకపోతే నేనే మూయిస్తాను!"

"బండిని ఆపమనండి బాబూ, మా వోడు ఆపీత్తాడు," అనేది ఆమె.

వీధంతా విన్న మాట ఇది. ఒకసారి కాదు, చాలాసార్లు విన్న మాట.

తొంభై తొమ్మిది తుఫానుకి ఎలీసబెతు ఇంటి కప్పు రేకులు సగం లేచిపోయాయి. మిగిలిన సగానికి చిల్లులు. మరుసటేడు వానాకాలం వచ్చేసరికి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వంటకి కాక వానకే సరిపోయేవి. ఆ రోజుల్లోనే షెడ్డులో పొట్టు తీస్తూ పక్క పీట మీది బొడ్డమ్మ మనీ ప్లాంటు మాట ఎత్తింది.

"దొంగతనంగా తెత్తేనే అది డబ్బులు తెత్తాదే. కొనుక్కుంటే ఉత్తాకు. అడుక్కుంటే అంతకన్నా ఉత్తాకు. మా ఆడపడుసుని సూడు. పక్కింట్లో ఓ కొమ్మ ఇరిసీసింది. ఏడాది తిరక్కుండా శ్లాబు ఏసీసినారు."

"మీ ఆడపడుసు మొగుడు సిమెంటు కొట్లో పని సేత్తన్నాడు కదే?"

"సేత్తే? మొక్క లేనప్పుడూ అదే కొట్టు, అదే పని. అప్పుడెందుకు పడలేదు శ్లాబు?"

"మొక్క శ్లాబేత్తే ఇంక దేవుడికి పనేటే? నాకాడ ఇలాటి మాటలు మాటాడకు," అని ఎలీసబెతు పీట కాస్త ఎడంగా జరుపుకుంది. షెడ్డులో అందరికీ వినపడేలా అంది కూడా.

కానీ ఆ సాయంత్రం మంచం మీద సరిగ్గా దిండు చోట వాన పడింది.

రెండు రోజుల తరవాత, జగన్నాథరావు భార్య కుమారి పంపిన పులిహోర గిన్నె తిరిగివ్వడానికి ఎలీసబెతు ఎదురింటికి వెళ్ళింది. మధ్యాహ్నం నిద్ర తగాదా ఆడవాళ్ళ గిన్నెల దాకా రాలేదు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో గుప్పెడు జీడిపప్పు ముక్కలు పోసింది. కుమారి గిన్నె లోపల పెట్టి వస్తానని వెళ్ళింది. అరుగు మీద ఎలీసబెతూ, మొక్కలూ మిగిలారు.

మనీ ప్లాంటు పేరు విన్నదే తప్ప అదెలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. అడిగితే బయటపడిపోతుంది. అరుగు మీద హార్లిక్సు సీసాలో ఒక సన్నటి తీగ ఉంది, తమలపాకంత ఆకులు. దాని పక్కన కుండీలో నిలువెత్తు మొక్క, అరచేయి కన్నా పెద్ద ఆకులు, పచ్చటి ఆకు మీద తెల్లటి మచ్చలు, నోటు మీద అచ్చులు గుద్దినట్టు. ఎలీసబెతు బుర్ర చకచకా పనిచేసింది. చిన్న ఆకు చిల్లర. పెద్ద ఆకు నోట్లు. శ్లాబు చిల్లరతో పడుతుందా?

నోట్ల మొక్క పిలక ఒకటి పుటుక్కున విరిగింది. రసం వేళ్ళ మీద కారింది. జీడి నూనెకే చలించని వేళ్ళు, వాటికి ఏమీ తెలియలేదు. పిలకని చీర కుచ్చిళ్ళ దగ్గర నడుముకి దోపుకుని, లోపలికి వినపడేలా "వత్తానమ్మా" అని బయల్దేరింది. వీధి దాటేలోపే నడుము భగ్గుమంది. గచ్చకాయ రుద్దినట్టు, కందిరీగల తుట్టె మీద కూర్చున్నట్టు. ఇంటికొచ్చి చూస్తే ఎర్రటి దద్దుర్లు. అది తన తప్పుకి పడిన చురకే అనుకుంది. ఆ వెంటనే, ఒక్క పిలకకి ఇంత చురకా అని పైవాడి మీద కూడా కోపగించుకుంది. ఊళ్ళో సంచుల కొద్దీ కాజేసినవాళ్ళ నడుములు చల్లగానే ఉన్నాయి కదా!

డాల్డా డబ్బాలో మట్టి పోసి పిలకని నాటి, ఎవరికీ కనపడకుండా తలుపు వెనక పెట్టింది. ప్రభుదాసు చూశాడు. ఏమిటని అడగలేదు. పెళ్ళయిన కొత్తలో ఏదో అడిగి చూశాడు, ఆ అనుభవం చాలు.

కానీ తలుపు వెనక చోటు సంసోనుది. ఎండలో వాడు పడుకునేది అక్కడే. డబ్బా వచ్చాక వాడికి సగం చోటే మిగిలింది. కొన్నాళ్ళు డబ్బా చుట్టూ ఒళ్ళు మెలిపెట్టి పడుకున్నాడు. మొక్క వేళ్ళూని ఆకులు వేసి, వాడి చెవిలో గుచ్చుకోవడం మొదలుపెట్టాక, ఒకరోజు వాడూ నిలదీశాడు. పళ్ళతో.

ఆ రోజు ప్రభుదాసు ఇంటి దగ్గరే ఉన్నాడు. అన్నం తింటూ తలెత్తాడు.

"బండెల్లిపోనాదేటి?"

"ఎల్లిపోనాది. ఇప్పుడేగా కూత ఎట్టింది," అంది ఎలీసబెతు. అన్న తరవాత ఆమెకీ తట్టింది. బండి వచ్చింది, వెళ్ళింది. అరుపేదీ?

సంసోను వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నోరు సగం తెరిచి ఉంది. చొంగ తాళ్ళు తాళ్ళుగా నేల దాకా వేలాడుతోంది. నాలుక పనస తొనలా ఉబ్బి బయటికొచ్చింది. ముందరి కాళ్ళతో మూతి గీరుకుంటున్నాడు. ఆమెని చూసి అరవబోయాడు. గాలి వచ్చింది. శబ్దం రాలేదు.

ఎలీసబెతు తలుపు వెనక్కి చూడలేదు. ఎదురింటి అరుగు వైపు చూసింది.

"రావుగారూ! బయటికి రండి! మా కుక్కకేటెట్టినారు?"

జగన్నాథరావు, చాన్నాళ్ళకి హాయిగా పట్టిన నిద్రలోంచి లేచి వచ్చాడు. "నేను పెడితే మీ కుక్క తింటుందా? నన్ను చూస్తేనే కదా దాని అరుపు!"

"ఏదీ, ఇప్పుడరవమనండి! అరవమనండి సూద్దాం! నోరు మూయిత్తానన్నారు. మూసీసినారు!"

"మాటవరసకి అన్నానమ్మా! మాటవరసకి అన్నవన్నీ జరిగితే నేనీపాటికి రైల్వే మంత్రిని అయ్యుండాలి."

"నోరు లేని జీవానికి ఇసం ఎడతారా? సదువుకున్నోరు, జేగురు రంగేసుకున్న అరుగున్నోరు!"

"నోరు లేని జీవమా? ఇన్నేళ్ళ నుంచి దానికున్నదంతా నోరే కదా!"

వెనక నుంచి కుమారి వచ్చి సంసోను మూతి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో, ఎలాగ వాసిపోనాదో సూడండి. ముందు ఆస్పత్రికి అట్టుకెల్లమ్మా. తిట్టుకోడానికి ఈయనెక్కడికీ పోరు."

రిక్షాలో గోనెపట్టా పరిచి, సంసోను తల ఒళ్ళో పెట్టుకుని ఎలీసబెతు పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. ప్రభుదాసు సైకిలు మీద వెనక. దారిలో ఎవరు "ఏటైనాదమ్మా?" అన్నా రిక్షా ఆపించి మరీ చెప్పింది. "ఎదురింటి జగన్నాథరావు ఇసం ఎట్టీసినాడు. నానూరుకోను." కూరగాయల కొట్ల దగ్గర చెప్పింది. లారీ యూనియను దగ్గర చెప్పింది. సంతకెళ్ళే బండివాళ్ళకి కూడా చెప్పింది. ఆసుపత్రి చేరేసరికి జగన్నాథరావు నేరం ఊరంతటికీ తెలిసిపోయింది, ఆయనకి తప్ప.

పశువుల డాక్టరు బాలకృష్ణ గుంటూరు వైపు కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. ఆవరణలో ఎడ్లూ, గేదెలూ, వాటి యజమానులూ కిక్కిరిసి ఉన్నా, కుక్క ఊపిరి విని ముందు దాన్నే బల్ల మీదికి ఎక్కించమన్నాడు. టార్చి వేసి నోట్లోకి చూశాడు. పట్టకారుతో దవడ పళ్ళ మధ్య నుంచి ఏదో లాగాడు.

పచ్చటి ఆకు ముక్క. దాని మీద తెల్లటి మచ్చలు.

"విషం ఎవరూ పెట్టలేదమ్మా. ఇది డిఫెన్‌బేకియా అనే షో మొక్క. దీని ఆకులో, కాడలో కంటికి కనపడని సూదుల్లాంటివి ఉంటాయి. నమిలితే నోరంతా గుచ్చుకుని వాచిపోతుంది. అందుకే అరవలేకపోతోంది. మనుషుల ఒంటికి దీని రసం తగిలినా మంటా, దద్దుర్లూ వస్తాయి."

ఎలీసబెతు కొంగు లాగి నడుము కప్పుకుంది.

"ఎక్కడ తిన్నది?"

"మా ఎదురింటి రావుగారి అరుగు మీదుందండి ఆ మొక్క," అంది. అబద్ధం కాదు.

"అయితే వాళ్ళనడిగి ఎంత తినేసిందో కనుక్కోండి. ఆకు కొరికి ఉమ్మేస్తే నోరు కడిగి పంపేస్తాను. కాడ కూడా మింగి ఉంటే వాపు గొంతులోకి దిగుతుంది, ఊపిరి అడ్డుపడుతుంది. అప్పుడు ఇంజెక్షను చేసి ఇక్కడే కనిపెట్టుకుని ఉండాలి. అది తెలియాలి నాకు."

"మా సంసోను ఆరి గేటు దాటడండి."

"దాటకుండా ఎలా తిన్నది?"

ఆవరణలో ఎడ్లవాళ్ళు మెడలు చాచారు. దారి పొడుగునా రిక్షా ఆపి తాను చెప్పిన మాటలు ఎలీసబెతుకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. విన్నవాళ్ళలో చర్చి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఇద్దరు సండేస్కూలు పిల్లల తల్లులున్నారు. ఇప్పుడు తలుపు వెనక డబ్బా మాట చెబితే ఆదివారం పిల్లల ముందు ఏ మొహంతో నిలబడాలి? చెప్పకపోతే?

సంసోను తల తిప్పి ఉబ్బిన మూతిని ఆమె చేతి మీద ఆనించాడు. చొంగ మోచేతి దాకా కారింది. వాడి ఊపిరి లోపలికి వెళ్తున్నప్పుడల్లా సన్నగా ఈల వేస్తోంది. ఇంతకుముందు వెయ్యలేదు.

"మావా," అంది ఎలీసబెతు, ఎవరి వైపూ చూడకుండా. "ఇంటికెల్లి తలుపెనకాల డాల్డా డబ్బా అట్టుకురా. బేగి."

ప్రభుదాసు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి సైకిలెక్కాడు.

"అది మా ఇంటికెలాగొచ్చిందో అడగొద్దు డాట్రుబాబూ," అంది.

"నాకది అక్కర్లేదమ్మా," అన్నాడు డాక్టరు. ఎడ్లవాళ్ళకి మాత్రం కావాలి. వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

ప్రభుదాసు మంచివాడు. ఆ మంచితనంలోనే చిక్కుంది. డబ్బా మీద ఏ గుడ్డో కప్పాలన్న ఆలోచన అతనికి రాలేదు. సైకిలు హేండిలుకి తగిలించి, సగం కొరికిన మొక్క తల ఊపుతుండగా, ఎదురింటి అరుగు ముందు నుంచి, బెల్లు కొట్టుకుంటూ మరీ వచ్చాడు. అరుగు మీద నిలబడి, ఊళ్ళో తన మీద పుట్టిన పుకారు అప్పుడే వింటున్న జగన్నాథరావు ఆ ఆకుల్ని గుర్తుపట్టాడు. చెప్పులు కూడా వేసుకోకుండా సైకిలు వెంట పడ్డాడు.

డాక్టరు డబ్బా చూశాడు. ఆకులు రెండు మిగిలాయి. కాడ సగం నమిలేసి ఉంది. "మంచి పని చేశారు తెప్పించి," అని వెంటనే ఇంజెక్షను చేశాడు. చల్లటి పాలతో, పెరుగుతో నోరు కడగమని కాంపౌండరుకి చెప్పాడు. సరిగ్గా అప్పుడే జగన్నాథరావు ఒగరుస్తూ వచ్చి పడ్డాడు.

"అది నా మొక్క!"

ఇంకెవరైనా అయితే అక్కడ తల వంచుకునేవారు. ఎలీసబెతుకి ఆ సిగ్గు కూడా కోపంగానే వచ్చింది.

"మీదే కదా? మీ నోటితోనే ఒప్పుకున్నారు కదా? అందరూ ఇన్నారా?" అని డబ్బా చంకనెత్తుకుంది. "డాట్రుబాబూ, నా బిడ్డని సూత్తుండండి. మావా, నువ్విక్కడే ఉండు. నానిప్పుడే వత్తాను." నేరుగా ఠాణాకి నడిచింది. వెనక జగన్నాథరావు. ఆయన వెనక పని లేని ఎడ్లవాళ్ళు.

ఢిల్లీరావు పాతికేళ్ళ సర్వీసులో కోళ్ళ తగాదాలు చూశాడు, కొబ్బరి చెట్ల సరిహద్దు తగాదాలు చూశాడు. మొక్క మీద ఫిర్యాదు అదే మొదలు. కలం మూత తీశాడు.

"మొక్క ఎవులిది?"

"ఆరిది," అంది ఎలీసబెతు.

"ఆరిదైతే నీ డబ్బాలోకి ఎలాగొచ్చింది?"

"అది కాదండి ముఖ్యం. పులిని పెంచుకున్నోడు గొలుసేసి కడతాడు. పాముని పెంచుకున్నోడు బుట్టలో ఎట్టి మూతెడతాడు. ఇసాన్ని పెంచుకున్నోడు రంగేసిన కుండీలో ఎట్టి, గుమ్మం మీద ఎట్టి, పొద్దుటా సాయంత్రం నీల్లోత్తాడా? తాళం లేదు. బోర్డు లేదు. మేకొచ్చి కొరుకుతాది. పిల్లులొచ్చి కొరుకుతాయి. పసిగుంటలు నోట్లో ఎట్టుకుంటారు. సివరాకరికి దొంగతనానికి ఒచ్చినోలికి ఏటైనా అయితే ఆ పాపం ఎవులిదండీ?"

"అంటే దొంగతనానికి వెళ్ళినావా?"

"నానన్నానా? దొంగలని అన్నాను. నాను దొంగనని అన్నానా?"

జగన్నాథరావు ముందుకొచ్చాడు. "పిలక విరిగితే ఎలుక అనుకున్నానండీ. ఎలుక! రెండ్రోజులు ఎలకల బోను పెట్టాను. ఊరంతా నన్ను కుక్కల హంతకుడని అంటోంది. మా ఆవిడ కూడా నన్ను అదోలా చూస్తోంది. నా మొక్కని దొంగిలించి, నా మీదే కేసా?"

"ఎలకయితే ఈపాటికి సచ్చేది. అదీ మీ ఖాతాలోదే."

"ఎలకని చంపితే కేసేటమ్మా?" అన్నాడు ఢిల్లీరావు, తానెక్కడున్నాడో తనకే తెలియక. తరవాత గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "సూడమ్మా, ఒకటే మాట. మొక్క ఆయనదంటావా, నువ్వు దొంగవి. ఆయన కేసు రాస్తాను. మొక్క నీదంటావా, నీ కుక్క నీ ఇంట్లో నీ మొక్క తిన్నది. ఆయనకి సంబంధం లేదు, ఊరందరి ముందూ ఆయన్ని తిట్టినందుకు నువ్వే సమాధానం చెప్పాలి. ఏదో ఒకటి సెప్పు."

ఎలీసబెతు డబ్బా వైపు చూసింది. జగన్నాథరావు చెప్పుల్లేని కాళ్ళ వైపు చూసింది. దారిలో రాయి తగిలి బొటనవేలు చిట్లి ఉంది. ఆమెకి కాస్త ఏదో అనిపించింది. ఆ అనిపించినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

"మొక్క ఎవులిదీ కాదు. ఆరిదీ కాదు, నాదీ కాదు. ఈ నిమిషం నించీ సర్కారోరిది," అని డబ్బాని వరండాలో నీళ్ళ కుండ పక్కన ధడాలున పెట్టింది. గుమ్మం దిగుతూ, ఎవరి వైపూ తిరగకుండా, "రావుగారు ఏమీ ఎట్టలేదు. మా కుక్కకి ఆరేమీ ఎట్టలేదు. రాసుకుంటే రాసుకోండి," అని ఆసుపత్రి వైపు నడిచింది. ఢిల్లీరావు రాసుకోలేదు. కలం మూత పెట్టేశాడు.

పొద్దు వాలేదాకా ఎలీసబెతు ఆసుపత్రి షెడ్డులో, గేదెల మధ్య, సంసోను తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుడ్డని చల్లటి పాలలో ముంచి నాలుక మీద పిండింది. పిండినంత సేపూ తిట్టింది. "ఇంట్లో ఇంత కూడు లేదేట్రా నీకు? ఆకులు మేయడానికి మేకవేట్రా? నోరు కట్టుకోలేని కుక్కవి నువ్వెందుకు, పేరుకి సంసోనువి!" తిట్లు తగ్గుతున్న కొద్దీ ఈల కూడా తగ్గింది. దీపాలు పెట్టే వేళకి దూరంగా గూడ్సు బండి కూత వేసింది. సంసోను చెవి కదిలింది. తల లేచింది. పాత లారీ హారనులా, బొంగురుగా, ఒక్క అరుపు.

ఎలీసబెతు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంతసేపూ ఏటి సేసినావురా?" అని వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది.

దాంతో కోపం చల్లారిందని అనుకున్నవాళ్ళకి ఆమె సంగతి తెలియదన్నమాట. మర్నాడే డాక్టరుని నిలదీసి, ఇంకా ఏయే మొక్కలు జీవాలకి చెడ్డవో చెప్పించుకుంది. విన్న కొద్దీ కళ్ళెర్రబడ్డాయి. చర్చి గోడ పక్క పచ్చ గన్నేరు. ఆకు, కాయ, గింజ అన్నీ గుండెని ఆపేసేవే. బొడ్డమ్మ పెరట్లో ఉమ్మెత్త. ఎవరో మేడ మీద గొప్పగా పెంచే లిల్లీలు, పిల్లి దాని పుప్పొడి నాకినా మూత్రపిండాలు పోతాయట. చివరికి ఆ హార్లిక్సు సీసాలో తీగ, అసలు మనీ ప్లాంటు, అది కూడా నోరు వాపించేదేనట.

"ఆ సిల్లర మొక్క కూడానా!" అంది ఎలీసబెతు. ఆమెని అంతగా బాధపెట్టిన సంగతి ఇంకోటి లేదు.

ఆ వారమంతా పని దిగాక గేటు గేటుకీ తిరిగింది. ఎవరు? ఎందుకు? ఎవరినడిగి పెట్టారు? పాస్టరు గారు కూడా గన్నేరు కొట్టించే దాకా ప్రార్థన మొదలుపెట్టలేకపోయారు. కొట్టిన కొమ్మలు ఎండినా ఇసమే, మేకలకి అందకుండా గోతిలో పూడ్చండి అని దగ్గరుండి పూడిపించింది. తీసేసినవాళ్ళకి మందారం కొమ్మలూ, మల్లె అంట్లూ, గులాబీలూ తెచ్చి ఇచ్చింది. ఇవి కొరికినా పరవాలేదని డాక్టరు చెప్పాడు. ఆ కొమ్మలు ఎక్కడివో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదని అప్పటికి వీధికి అర్థమైంది.

జగన్నాథరావు మచ్చల మొక్కలన్నిటినీ కుక్కా పిల్లీ ఎక్కలేని మేడ మీదికి మార్పించాడు. మెట్ల దగ్గర సొంత చేత్తో బోర్డు రాసి కట్టాడు: "విషపు మొక్కలు. దొంగిలించువారు తమ బాధ్యతపై దొంగిలించవలెను." ఆ బోర్డు చూసి ఎలీసబెతు ఒక నెలంతా ఆయనతో మాట్లాడలేదు. ఆ నెలలో సండేస్కూలు పిల్లలు గమనించిందేమిటంటే, టీచరమ్మ ఏడో ఆజ్ఞ నుంచి తొమ్మిదికి వెళ్ళేటప్పుడు మధ్యలో దగ్గుతోందని.

సంసోను ఆ తరవాత చాలా ఏళ్ళు బతికాడు. గొంతు మాత్రం బొంగురుగానే ఉండిపోయింది. మధ్యాహ్నం బండి వచ్చినప్పుడు అరుపు వినపడితే జగన్నాథరావు అటు తిరిగి పడుకునేవాడు. అరుపు రాకపోతే మాత్రం లేచి కూర్చుని, "కుమారీ, ఆ కుక్క ఉందో లేదో చూడు," అనేవాడు.

మొన్నొక పెళ్ళిలో, భోజనాల బంతిలో ఎవరో ఈ కథంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. నవ్వీ నవ్వీ జనానికి పొలమారింది. అదే బంతిలో, వరస చివర, ఎలీసబెతు కూర్చుని ఉంది. ముద్ద కిందపెట్టింది.

"ఎవులు సెప్పినారివన్నీ? నానెప్పుడూ ఠాణా గుమ్మం ఎక్కలేదు. ఆ ఎదురింటోరెవులో నాకు తెల్దు. నాకసలు మొక్కలంటేనే గిట్టదు. మా ఇంట్లో కుక్క ఏనాడూ లేదు. సాంబారు ఇటు పొయ్యండి."